పోటీ కంపెనీ ఇంజను

కెనడాలోని ఒషావాలో కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నేను అద్దెకున్న ఇంటి ఓనరు ఆంటీ, కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. మాట భీమవరం వైపుది. ఏ రెండు వస్తువులు కుదరకపోయినా వాటిని అరచేత్తో తట్టి, "కలుస్తాయమ్మా, మనమే తొందరపడకూడదు" అనేవారు.

ఆవిడ గరాజులో ఎనభై ఏళ్లనాటి కారు ఒకటి ఉండేది. దానికి పోటీ కంపెనీ ఇంజను బిగించాలని మూడేళ్లుగా ఆవిడ పట్టుదల. ఇంజను అడుగుభాగం వెళ్లి కింద ఉన్న స్టీరింగు రాడ్డుకు తగిలేది. ఆవిడ ఇంజనును పట్టి ఉంచే బ్రాకెట్లు కోసి, వెల్డింగ్ చేసి, నచ్చక మళ్లీ కోసేవారు.

చివరికి ఎలాగో ఇంజను ఇమిడాక, ఒక వేసవిలో కారును పాత కార్ల ప్రదర్శనకు తీసుకెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. ఒక ముసలాయన బానెట్ కిందకి తొంగిచూసి మొహం చిట్లించాడు. ఆ కారు తయారైన కంపెనీలోనే ఆయన ముప్పై ఏళ్లు పనిచేశాడట.

"ఇది మా కంపెనీకే అవమానం" అన్నాడు ఇంగ్లీషులో, అందరికీ వినపడేలా.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆంటీ మాత్రం కారెక్కి తాళం తిప్పారు. ఇంజను దగ్గి ఆగిపోయింది. డాష్‌బోర్డును మెల్లగా తట్టి మళ్లీ తిప్పారు. ఈసారి అందుకుంది. ముసలాయన కాసేపు చెవి ఒగ్గి విన్నాడు.

"ఒక రౌండు తిప్పుతారా?" అని అడిగాడు.

ఇద్దరూ వెళ్లి గంటకు తిరిగొచ్చారు. ఆంటీ మొహం వెలిగిపోతోంది.

"ఆయన దగ్గర గేర్‌బాక్స్ ఒకటి ఊరికే పడుందంట. మనకిచ్చేస్తానంటున్నాడు."

"ఏ కంపెనీది ఆంటీ?"

"ఈ రెండూ కాదు, మూడోది" అంటూ ఆవిడ అప్పుడే టేపు తీసి కారు కింద కొలతలు మొదలుపెట్టారు.