సరస్వతి ఆకనుకొని మా అత్తకు తాగించిన ఆకు

చాయ్ తాగుకుంట వినుండ్రి. నవ్వొస్తే మాత్రం గ్లాసు కింద పెట్టి నవ్వుండ్రి, నా చీర మీద ఊంచకుండ్రి. మా చెలక, ఆ మెట్టచేను, సగం నిలబడ్డదంటే అది నా తెలివితక్కువతనం పుణ్యం. సగం పోయిందంటే అది కూడ నా మీదికే వచ్చింది.

అప్పటికి నా పెండ్లయి ఏడాది కూడ కాలే. కల్వకుర్తిల పుట్టినదాన్ని, కేతేపల్లి పక్క ఊరికి కోడలినయి వచ్చిన. ఆ ఏడు కరువు ఎట్లుండెనంటే, ఎగిరితే రెక్కలు కాలుతయని కాకులు నడుచుకుంట పోయేటివి. నా కండ్లతోని చూసిన.

రజాకార్ల రోజులల్ల మా బావను, అంటే మా ఇంటాయన అన్నను, మా చెలక తూర్పు గట్టు మీదనే కాల్చిపోయిండ్రు. ఆ దిగులుకు మా మామ పోయిండు. మా అత్తకు మెల్లగ మతి జారింది. పొద్దుగూకితే చాలు, వాకిట్ల నిలబడి "పెద్దోడు ఇంక రాలే, అన్నం చల్లారుతాంది" అనేది. మొదట్ల చెప్పేటోళ్లం. చెప్పినప్పుడల్లా అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకునేది. ఇగ చెప్పుడు బంద్ జేసినం.

అసొంటి మనిషి మీద మా బతుకు పడ్డది. మా చెలక ఊరి దొర దగ్గర కౌలుకు పట్టింది. కౌలుకు దున్నుకునేటోణ్ణి ఎల్లగొట్టొద్దని కొత్త చట్టం వచ్చింది. దొరేమో, వాళ్లు నా చెలక ఎన్నడు దున్నిండ్రని అడ్డం తిరిగిండు. బావ పోయినంక చెలక బీడు పడ్డది, గట్టేదో పుట్టేదో తెలువకుంట అయింది. మా ఇంటాయన చిన్నప్పటి సంది పట్నంల హోటల్ల గిన్నెలు కడిగినోడు, ఆయనకేం తెలుసు? ఊళ్లె ముసలోళ్లకు దొర పేరెత్తితే భయానికి పండ్లు కొట్టుకునేటివి. హద్దులు తెలిసిన మనిషి మా అత్త ఒక్కతే. భూముల లెక్కలు చూసే గిర్దావర్ సాబ్ మోక మీదికి, అంటే చెలక కాడికే వచ్చి ఆమెనే అడుగుతడని కబురొచ్చింది. చెప్పకపోతే చెలక పోయినట్టే.

మా ఇంటాయన నన్ను కేతేపల్లి హకీం సాబ్ దగ్గరికి తోలిండు. హకీం సాబ్ మంచిగ చెప్పిండు. సరస్వతి ఆకు నూరి మజ్జిగల కలిపి తాగియ్యి, జర మతి నిలుస్తది అన్నడు. గుర్తులు కూడ చెప్పిండు. అది కొత్తిమీర, వాము, సోపుల వంశమేనంట. ఆకు గుండ్రంగ ఉంటది, అంచుకు రంపమసొంటి సన్నటి పండ్లుంటయి. నలిపితే కొత్తిమీరకు చుట్టమసొంటి వాసన కొడతది. పువ్వు ఆకు కింద నేలకు దాసుకొని ఉంటది, కనిపియ్యదు. కాయ నలుసంత, చదునుగ, దాని మీద గీతలు. తడి ఆరని జాగల్నే బతుకుతది.

నేను తల ఊపిన. ఊపినదాన్ని ఊపినట్టే ఇంటికొచ్చేటాళ్లకు గుండ్రటి ఆకు ఒక్కటే యాదికున్నది. మతిమరుపు మందుకు పోయినదాన్ని నేను, చూడుండ్రి. "గుర్తులన్ని చెప్పిండా?" అని మా ఇంటాయన అడిగితే, మా తాత నాటువైద్యుడు, నాకు చెప్పేదేందని దబాయించిన. మా తాత ఎద్దులకు లాడాలు కొట్టెటోడు.

కుంట ఎండి నెర్రెలిచ్చింది. ఆ నెర్రెల నిండ గుండ్రటి ఆకుల తీగ, నేలకు అతుక్కొని పారుతాంది. పసుపుపచ్చటి పువ్వులు మీదికే కనిపిస్తున్నయి. దాసుకొనుడు లేదు, వాసన లేదు, తడి అసలే లేదు. నేను మాత్రం సరస్వతమ్మే నా కోసం పరుసుకొని కూసున్నదనుకొని ఒడి నిండ తెంపుకొచ్చిన. రోజూ పొద్దుమాపు నూరి తాగించిన.

మతి రాలే. ఇంకోటి వచ్చింది. మా అత్త వాకిలి దాటి ఒంటికి పోవుడు, వచ్చుడు, మళ్ల పోవుడు. ఇంకొన్ని రోజులు తాగిస్తే ఎండిన కుంట నిండి మత్తడి దుంకేది.

గిర్దావర్ వచ్చే పొద్దున ఆఖరు సారి నూరుతుంటే మా అత్త రోటి పక్కకొచ్చి కూసున్నది. ఒక ఆకు తీసి ఎండకు పట్టి చూసింది.

"ఎలుకచెవి ఆకు నూరుతున్నవేందే, కోడలా? ఇది ఒంటికి రాక కట్టుకపోయినోళ్లకు ఇస్తరు గద."

కొడుకు సచ్చింది యాదికి లేదు, ఆకు మాత్రం యాదికున్నది. నా చేతిల బండ ఆగిపోయింది. మా ఇంటాయనకు చెప్తే ఆ రోట్లనే నన్ను నూరుతడని, మిగిలింది కూడ తాగించి నోరు మూసుకున్న.

చెలక దగ్గరి తుమ్మచెట్టు కింద గిర్దావర్ సాబ్‌కు మంచమేసిండ్రు. దొర గుమాస్తా నవ్వుకుంట నిలబడ్డడు. హద్దులేవని అడిగితే మా అత్త, మా పెద్దోడు వస్తడు, వాణ్ణడుగు అన్నది. గిర్దావర్ సాబ్ కాయితం మడవబోయిండు.

అప్పుడు లేసింది మా అత్త. పక్కనే చాటుకు ఇంతెత్తు పొద ఉన్నది. దాన్ని దాటింది. ఇంకో పొద దాటింది. ఆపుకోలేక వంగి నడుసుకుంట దూరం పోయి కూసున్నది. వచ్చింది. కాసేపాయె, మళ్ల లేసి ఇంకో దిక్కు అట్లనే పోయింది. గిర్దావర్ సాబ్‌కు యాష్టకొచ్చింది.

"ఏమమ్మా, ఇక్కడ గింత చాటు పెట్టుకొని గంత దూరం ఎందుకు పోతున్నవ్?"

"ఇది దొర బీడు, సారూ. పరాయోని చేన్ల పోస్తె నాకేం లాభం? మా గట్టు దాటి మా జొన్నకు పోసిన."

అక్కడ జొన్న లేదు, తుమ్మ మొలకలే. కాని గిర్దావర్ సాబ్ లేసి, ఆమె అడుగులు ఎక్కడ ఆగినయో అక్కడికి పోయిండు. మట్టి గీకిపిచ్చిండు. హద్దురాయి బయటపడ్డది. రెండో దిక్కు గూడ పడ్డది. గుమాస్తా నవ్వు అప్పుడే మింగిండు.

ఇగ తూర్పు గట్టు దిక్కు మిగిలింది. అటు పో అత్తా, అటు పో అని నేను నెట్టినంత పని జేసిన. నా చెయ్యి ఇదిలిచ్చుకొని అక్కడనే నిలబడ్డది. బట్టలు తడిసినయి, అయినా కదల్లే. ఎందుకమ్మా అని గిర్దావర్ సాబ్ అడిగితే, తెల్వది సారూ, కాళ్లు పోతలేవు అన్నది.

ఆమె నడిసినంత వరకే మాకు రాసిచ్చిండు. తూర్పు ముక్క దొరకే పోయింది.

మా ఇంటాయన సచ్చేదాక ఆ కొత్త గట్టు మీద నిలబడ్డప్పుడల్లా నన్నే అనేది: "ఇంకో గ్లాసు తాగియ్యకపోతివి." నేను ఒప్పుకునేదాన్ని, అవునయ్యా, ఆకు తక్కువైంది, తప్పు నాదే అని. ఆమె అటెందుకు పోలేదో ఇద్దరికి తెలుసు. తెలిసి కూడ నలభై ఏండ్లు ఒక్క గ్లాసు మీదనే కొట్లాడుకున్నం.