పడమటి హద్దులో వంపు

ఏళ్ల తరబడి ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. దానివల్ల నాకు అన్నం సహించకపోవడం లేదు, నిద్ర పట్టకపోవడం లేదు. అన్నీ బాగానే సాగుతున్నాయి. అదే బాధ. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను భూముల సర్వే చేస్తాను. ప్రభుత్వం భూములన్నీ మళ్లీ కొలిపించిన రీసర్వే అప్పుడు ఇందుకూరుపేట అవతల ఒక ఊళ్లో కాంట్రాక్టు మీద పనిచేశాను. అక్కడ ఎస్తేరక్క అనే ఆవిడకు కొంచెం వరిచేను ఉంది. దానికి పడమర పక్క ఆసామి రొయ్యల గుంటలు. మధ్యనున్న హద్దు తిన్నగా ఉండదు, నడిమిన గుంటల వైపు వంగుతుంది. ఆ వంపులోనే ఆమె భర్త సమాధి. వంపు దగ్గరి పాత రాయి ఎప్పుడో గుంట కట్ట కిందికి పోయింది. రాయి దొరకనప్పుడు హద్దు రెండు కొనలూ కలిపి కంప్యూటర్లో గీత గీస్తాం. పాత పటంలోని కొలత ప్రకారం ఆ గీతకు కుడికో ఎడమకో ఇంత దూరంలో బిందువు పెట్టమంటాం. దాన్నే ఆఫ్‌సెట్ అంటాం.

కుడి ఏదో ఎడమ ఏదో గీతను ఏ కొన నుంచి పట్టుకున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. ఉత్తరం నుంచి పట్టుకుంటే కుడి అంటే పడమర. నేను దక్షిణం కొన పట్టుకుని కుడి అని కొట్టాను. బిందువు తూర్పున, ఆమె చేలో పడింది. వంపు సరిగ్గా మధ్యలో ఉండడంతో ఏ కొన నుంచి కొలిచినా దూరం ఒకటే, అందుకే తేడా కనిపించలేదు. కనిపించలేదా, నేనే చూడలేదా? ఆ పూట తొందరలో ఉన్నాను.

రాళ్లు పాతిన రోజున సమాధి హద్దు అవతలికి పోయింది. ఎస్తేరక్క నా దగ్గరికి వచ్చింది.

"మా ఆయన్ని మా చేలోనే పెట్టినాము సార్. మా మామ దగ్గరుండి చూపించినాడు."

"అప్పట్లో ఉజ్జాయింపుగా చూసుకుని ఉంటారక్కా. ఇది శాటిలైట్ కొలత. తప్పు రాదు."

ఆమె వాదించలేదు. సమాధి మీది సిలువ వైపు ఒకసారి చూసి, అక్కడే ఉన్న గుంటల ఆయన వైపు తిరిగింది. "తెలియక నీ నేలలో పెట్టినాము, ఏమీ అనుకోవద్దన్నా" అంది.

ఆ వారంలోనే పాత పటాన్ని నా గీత మీద పరిచి చూశాను. వంపు ఎదురు దిక్కున ఉంది. దిద్దడానికి ఎంతసేపు? గీతను రెండో కొన నుంచి పట్టుకుంటే చాలు. కానీ మళ్లీ ఆ ఊరు వెళ్లాలి, రాళ్లు పీకించాలి, తప్పు రాదన్న నోటితోనే ఊరందరి ముందు తప్పు వచ్చిందని చెప్పాలి. ఉద్యోగం పోతుందన్న భయమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. భయం కాదు, నామోషీ. ఫైలు మూసేశాను.

గుంటల ఆయన చెడ్డవాడు కాదు. కొన్నాళ్లు సమాధి జోలికి పోలేదు. కట్ట వెడల్పు చేయాల్సి వచ్చినప్పుడు ఆమెకు కబురు పంపాడు. ఆమె పాస్టరు గారితో ప్రార్థన చేయించి, భర్త ఎముకలు తీయించి, ఊరి సమాధుల తోటలో ఓ మూల పెట్టించిందట. మరో పని మీద మైపాడు వెళ్లినప్పుడు ఆ ఊరివాళ్లే చెప్పారు. మనిషిని పరాయి నేలలో పెట్టి చచ్చాక కూడా కుదురు లేకుండా చేశానని ఆమె ఇప్పటికీ ఏడుస్తుందట. విన్నాను. టీ తాగి బండెక్కాను.

ఇప్పుడు ప్రతి గీతనూ రెండు కొనల నుంచీ పట్టి చూస్తాను. ఆఫీసులో వాళ్లు "రెండువైపులా చూస్తున్నారు, పెళ్లిచూపులా సార్?" అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆమెకు చెప్పేద్దామని ఎన్నోసార్లు బయల్దేరాను. ఇందుకూరుపేట దాకా వెళ్లి వెనక్కి తిరిగాను.

మీరు క్షమించాలని ఇది రాయడం లేదు. అది మీ చేతిలో లేదు. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, అందుకు సిగ్గుగానూ ఉంది. ఎస్తేరక్క ఏ తప్పూ చేయలేదు. తన భర్తను తన నేలలోనే పెట్టుకుంది. ఆయన్ని అక్కడి నుంచి లేపింది నేను.