అక్క రైలు, నా చింతపండు

చిన్నప్పుడు పెరట్లో అక్క చేసిన రైలు ఆగిపోయింది నా వల్లే. ఆ మాట ఇన్నేళ్లూ చెప్పలేదు. మొన్న మక్తల్‌లో అక్క చింతపండుతో ఇత్తడి చెంబు తోముతుంటే, ఆ వాసనకు అదంతా కళ్ల ముందుకొచ్చింది.

టేపురికార్డరు మోటారుతో రైలు చేసి, ఇత్తడి పట్టీలు పట్టాలుగా పరిచి, వాటికి బ్యాటరీ కరెంటు ఇచ్చింది అక్క. ఎర్రమట్టి దుమ్ము పడితే రైలు ఆగేది. అందుకని పౌడరు డబ్బాకు చక్రాలు బిగించి, కింద గాసునూనెలో, అదే కిరోసిన్‌లో, తడిపిన బనీను గుడ్డ కట్టి, రైలు ముందు తగిలించింది. డబ్బా తుడుచుకుంటూ పోతుంటే, రైలు ఆగకుండా ఉరికింది. నేను కేకలేస్తూ వెంట పరుగెత్తాను.

"రేపు బాపు ముంగట ఒక్క చుట్టు తిరిగితే చాలు తమ్మీ! నన్ను పాలమూరు కాలేజీల చదివిస్తనన్నడు," అంది అక్క.

ఇత్తడిని అవ్వ చింతపండుతోనే కదా మెరిపిస్తుంది! ఆ సాయంత్రం అక్క చూడకుండా గుడ్డను చింతపండు రసంలో నానబెట్టి, డబ్బాను పట్టాల పొడవునా నెట్టాను. పట్టాలు బంగారంలా మెరిశాయి. ఎగిరి గంతేశాను.

పొద్దున్నకి ఆ చింతపండు జిగురుకు దుమ్మంతా అంటుకుంది. బాపు ముందు రైలు జానెడు కదిలి ఆగింది.

"రైలన్నవు, మొండెద్దయిందేంది బిడ్డా!" అని నవ్వాడు బాపు. పాలమూరు మాట మళ్లీ ఎత్తలేదు.

"నా డబ్బానే మంచిగ తుడ్వలేదు," అంటూ అక్క దాన్ని విప్పేసింది.

మొన్న అక్క చేతిలోని చెంబు అందుకున్నాను.

"అక్కా, నీ డబ్బా మంచిగనే తుడిచింది. గుడ్డకు చింతపండు పట్టిచ్చింది నేను. తప్పైంది, మాఫ్ చెయ్యి."