ఇంటిల్లిపాదికీ తెల్ల పథ్యం

మా జ్ఞానప్రసూన ఆంటీ ఇంట్లో పథ్యం ఒక్కరికే రాదు. వస్తే అందరికీ వస్తుంది. డాక్టరు ఎవరికి ఏది తినొద్దన్నా సరే, ఆ ఇంట్లో ఉన్నవాళ్ళెవరూ దాన్ని ముట్టకూడదు. కృష్ణమోహన్ అంకుల్‌కి బీపీ అని తెలిసిన రోజే, స్కూలుకెళ్ళే కూతురు తన్వి కంచంలో కూడా ఉప్పు తగ్గిపోయింది. తన్వికి గొంతు నొప్పెడితే అంకుల్ ఐస్‌క్రీమ్ మానేశారు. న్యూజెర్సీ పిస్కాటవేలో వాళ్ళ బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ ఎం.ఎస్. చదువుతున్న నాకు జలుబు చేస్తే, ముగ్గురూ వరసగా నిలబడి మిరియాల కషాయం తాగారు. ఒకసారి పైపు బాగుచేయడానికొచ్చిన ప్లంబర్ మాటవరసకి తనకు పల్లీలు పడవన్నాడు. ఆ వారమంతా మాకు పల్లీ చట్నీ లేదు.

అలాంటి ఇంట్లో ఉంటూ నేను పళ్ళు తెల్లబరచుకున్నాను.

మాది నల్గొండ దగ్గర. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినదాన్ని కాబట్టి పళ్ళ మీద గోధుమరంగు మరకలుండేవి. నవ్వొస్తే పెదాలకంటే ముందు చెయ్యి లేచేది. చదువు పూర్తి కావస్తుండగా ఒక కంపెనీ వాళ్ళు ఫోన్‌లో మాట్లాడి, ఇక ఆఫీసుకొచ్చి కలవమన్నారు. ఫోన్‌లో పళ్ళు కనబడవు, ఆఫీసులో కనబడతాయి. నా బెంగ చూసి ఆంటీయే డ్రైవ్ చేసి డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళింది.

మరకలు పూర్తిగా పోవు, లేతబడతాయని ముందే చెప్పి ఆ డాక్టరమ్మ వైటెనింగ్ చేసింది. రెండు రోజులు కాఫీ, టీ, టమాటా వద్దంది. పులుపు వద్దు, మరీ వేడి వద్దు, మరీ చల్లన వద్దంది. చివరికి, "తెల్ల చొక్కా మీద పడితే మరకయ్యేది ఏదీ తినకు, అంతే" అని తేల్చింది.

ఆ మాట ఆంటీ చెవిన పడకుండా ఉండాల్సింది.

ఇంటికి రాగానే ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా ఒకటి వంటింట్లోకి వచ్చింది.

"అదేంటే! సోమవారం మీటింగ్‌కి వేసుకుందామని తీసిపెట్టుకున్నాను" అన్నారు అంకుల్.

"నీలంది వేసుకోండి. మీకు నప్పుతుంది" అని ఆంటీ దాని మీద చారు చుక్క వేసింది. చారు ఫెయిల్. పప్పు ఫెయిల్. ఆవకాయకి పరీక్ష అక్కర్లేదంటూనే అదీ పూసింది. నిమ్మరసం పిండితే మాత్రం మరక పడలేదు.

"పాస్!" అంది సంబరంగా.

"పులుపు వద్దన్నది గదా ఆంటీ" అన్నాను.

"అవును కదూ! ఈ చొక్కాకేం తెలుసు, పాడు చొక్కా" అని దాన్ని బకెట్లో పడేసింది.

పసుపు డబ్బా గరాజ్‌లోకి, కాఫీ మేకర్ కారు డిక్కీలోకి వెళ్ళిపోయాయి.

"పళ్ళు ఆ అమ్మాయివి. కాఫీ నాదెందుకు పోవాలి?" అన్నారు అంకుల్ దీనంగా.

"అమ్మా, వైట్ పిజ్జా ఉంటది. నో టమాటో సాస్, ఐ స్వేర్" అని తన్వి తన ప్రయత్నం తను చేసింది.

"అంచులు మాడతాయిగా, ఆ నలుపో?" అంది ఆంటీ. కేసు కొట్టేశారు.

మర్నాడు శనివారం. జయంతి గారినీ వాళ్ళాయన గోపాల్ గారినీ ఎప్పుడో భోజనానికి పిలిచి ఉన్నారు. ఆ పూటకైనా సడలింపు ఉంటుందనుకున్నాం. టేబుల్ మీద చూస్తే ఇడ్లీ, పోపు లేని కొబ్బరి చట్నీ, పసుపు వేయని కాలీఫ్లవర్ కూర, పెరుగన్నం, కుంకుమపువ్వు తగలని పాయసం. బయట పడుతున్న మంచుకీ లోపలి భోజనానికీ తేడా లేదు.

జయంతి గారు కంగారుగా కుర్చీ వెనక్కి జరిపారు. "అయ్యో, ఎవరికండీ పచ్చకామెర్లు?"

నా చెయ్యి నోటి మీదికి పోయింది. జయంతి గారికి ఒక సంగతి తెలిస్తే తెల్లారేసరికి న్యూజెర్సీ తెలుగువాళ్ళందరికీ తెలుస్తుంది. నేనేదో నసిగేలోగా ఆంటీ అందుకుంది.

"కామెర్లు కాదండీ. మావారు పళ్ళు తెల్లబరచుకున్నారు."

అంకుల్ చేతిలో ఇడ్లీ ముక్క దారిలోనే ఆగిపోయింది. ఆంటీని చూశారు. నన్ను చూశారు. ముక్క నోట్లో వేసుకుని నిదానంగా మింగి, "అవునండీ. ఈ వయసులో అదో సరదా" అన్నారు.

"ఏదీ, చూపించండి!"

అంకుల్ ఇకిలించారు. దశాబ్దాల ఫిల్టర్ కాఫీ ఆ పళ్ళ మీద కొలువుదీరి ఉంది. గోపాల్ గారు కళ్ళజోడు పెట్టుకుని మరీ వంగి చూశారు.

"బాగా... తేడా తెలుస్తోందండీ" అన్నారు, పాపం మంచివాడు.

"బట్ డాడీ, నువ్వు ఎప్పుడు—" అని తన్వి మొదలెట్టింది. ఆంటీ దాని నోట్లో ఇడ్లీ కుక్కింది.

వాళ్ళు వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళాను. "నాకోసమని చెప్తే అయిపోతుండె గదా ఆంటీ. అందరినీ ఎందుకు ఇంత తిప్పలు పెట్టుడు?"

ఆంటీ గిన్నెలు సర్దడం ఆపలేదు. "ఒక్క కంచం తెల్లగా ఉంటే అందరూ ఆ కంచం వంకే చూస్తారు. అన్నీ తెల్లగా ఉంటే పథ్యం ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? మీ అంకుల్ ఒక్కరికే చప్పిడి కూడు పెట్టాననుకో, రోగిష్టిలా దిగులుగా కూర్చుంటారు. అందరికీ పెడితే, దీనికి వంట రాదని నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనీ. హుషారుగా తిట్టుకుంటూ తింటారు."

వెనకాలే వచ్చి నిలబడ్డ అంకుల్ ఇకిలించి నొప్పెట్టిన దవడలు నొక్కుకుంటూ, "నేనెప్పుడు తిట్టుకున్నానే?" అన్నారు. ఆ ముక్క అబద్ధమని ముగ్గురికీ తెలుసు.

సోమవారం ఇంటర్వ్యూకి వెళ్ళాను. నవ్వొచ్చినచోట మామూలుగా నవ్వాను. వాళ్ళు నా పళ్ళ వంక చూడనేలేదు, నా ప్రాజెక్టు గురించే అడిగారు. ఉద్యోగం వచ్చింది.

ఆ కబురు ఆంటీకి చెబుతుండగానే జయంతి గారి ఫోన్. ఆంటీ చేతికి పిండి ఉందని స్పీకర్‌లో పెట్టింది.

"మావారు కూడా పళ్ళు చేయించుకుంటారటండీ. మీవారు వెళ్ళిన డాక్టరు పేరేమిటి?"

"చాలా మంచి డాక్టరండీ, రాసుకోండి..."

"అబ్బే, వెళ్ళడానికి కాదు. పొరపాటున కూడా అక్కడికి వెళ్ళకుండా ఉందామని."

అంకుల్ గబగబా వచ్చి ఫోన్ మీదికి వంగారు.

"డాక్టరు తప్పేం లేదు జయంతి గారూ. ఆవిడ ముత్యాల్లా చేసి పంపింది. నేనే పథ్యం చెడగొట్టాను!"