ఎల్లి రా అనే ఉద్యోగం

ఆ రోజుల్లో ఉద్యోగం పోవడానికి కాగితాలేవీ అక్కర్లేదు. యజమాని మొహం పక్కకి తిప్పుకునేవాడు, మనం చెప్పులు వేసుకునేవాళ్ళం, అంతే. అరవైల చివర్లో నాకలా పోయింది సాలూరులో ఒక లారీ ఆఫీసు ఉద్యోగం. మా షావుకారి లారీలు ఎంత ముసలివంటే, కొండదారిలో ఘాటీ ఎక్కేటప్పుడు డ్రైవరు దిగి, పక్కన నడుస్తూ వాటిని బుజ్జగించేవాడు. (ఇది నేను కళ్ళారా చూడలేదు. అయినా చూసినవాళ్ళకంటే బాగా చెప్పగలను.) షావుకారు మంచివాడే గాని మాటల దగ్గర మహా పొదుపరి, ఏ మాటైనా సగమే ఖర్చుపెట్టేవాడు. బస్తాలు సరిచూడడం నా పని. లారీ కదిలేటప్పుడు గేటు దగ్గర నిలబడి "ఎల్లి రా బావా" అనడం మాత్రం ఎవరూ చెప్పకుండా నేను పెట్టుకున్న పని. డ్రైవర్లందరికీ ఇళ్ళూ పిల్లలూ ఉండేవారు. నాకు ఒక అద్దెగదీ, అందులో ఒక నీళ్ళకుండా ఉండేవి. తిరిగొచ్చేవాళ్ళు నాకూ కొందరుండాలి కదా అని అలా అనేవాణ్ణి.

కొత్తవలస నుంచి కొండల్లోకి రైలుదారి పడ్డాక మాకు లోడ్లు తగ్గాయి. ఒక పొద్దుట షావుకారు గోడమీది బల్లితో మాట్లాడుతున్నట్టు, "సరుకంతా రైలెక్కిపోతన్నాది. మనిసిని ఉంచుకోని ఏటి సేస్తాను" అన్నాడు. ఆ మనిషి నేనేనని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. "అయితే వస్తానండి" అన్నాను. మావైపు చచ్చినా "పోతాను" అనం. దానికి అవతలివాడు "ఎల్లి రా" అనాలి, శత్రువైనా అంటాడు. షావుకారు అనలేదు. బల్లి కూడా అనలేదు. పని పోయినందుకంటే ఆ రెండు మాటలు దక్కనందుకే నాకు ఎక్కువ ఏడుపొచ్చింది.

నా కూడు లాక్కున్న రైలే నాకు కూడు పెట్టాలని పంతంపట్టి కొత్తవలస చేరాను. ఆ సంగతి రైలుకి తెలీదు. టీ హోటల్లో గ్లాసులు కడుగుతూ, దాని వెనక గదిలో పడుకునేవాణ్ణి. సాయంత్రాలు ప్లాట్‌ఫారం మీదికి వెళ్ళి, ఊరికే ఉండలేక, కదులుతున్న కిటికీలన్నిటికీ "ఎల్లి రండి, ఎల్లి రండి" అనేవాణ్ణి. చాలామంది చెయ్యి ఊపేవారు. ఒక ముసలమ్మ మాత్రం నన్ను తేరిపార చూసి, "ఎవుల తాలూకా బాబూ నువ్వు?" అంది. దేనికైనా అబద్ధం అల్లగలవాణ్ణి, నేనెవరి మనిషినో చెప్పడానికి మాత్రం ఏమీ తోచలేదు. రైలు వేగం అందుకుని నా పరువు కాపాడింది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం హోటలు ముందు మా లారీ ఆగింది. దిగినవాడు మా డ్రైవరు, గెడ్డం బావ.

"ఒరే, ఎక్కు. నీ పని నీకిచ్చీస్తాడంట."

"ఏటయినాది బావా? లోడ్లు పెరిగాయా?"

"లోడ్లా, నా బొందా. నువ్వెల్లిపోయిన కాడ్నుంచి బళ్ళు ఘాటీలో కూకుండిపోతన్నాయి. ఎల్లి రా అనీవోడు లేడు కదా. ఇంక బళ్ళు తీసీది లేదని షావుకారికి సెప్పీసినాం."

"షావుకారినే అనమనకపోయారా?"

"అన్నాడ్రా. 'ఎల్లు' కాడికొచ్చి ఆగిపోతాడు. 'రా' రాదు ఆ నోట్లోంచి. ఎల్లిన బండి ఎల్లినట్టే ఉంటాది."

సాలూరు ఆఫీసులో షావుకారు ఈసారి బల్లిని వదిలి నన్నే చూశాడు. "ఒచ్చీసినావా. గేటుకాడికెల్లు."

నేను కదల్లేదు. "ఆరోజు వస్తానండి అన్నాను బాబూ. మీరు బదులనలేదు. అది అనీస్తే పన్లోకి దిగుతాను."

"ఒచ్చీసినోడికి ఎల్లి రా అని ఎలాగంటార్రా?"

అదీ నిజమే. అందుకని మళ్ళీ చెప్పులు వేసుకుని, గుమ్మంలో నిలబడి, "వస్తానండి" అన్నాను. షావుకారు గొంతు సవరించుకున్నాడు. "ఎల్లు" అన్నాడు. అక్కడితో ఆగిపోయాడు. మాట మాటే కదా, వెళ్ళాను. గేటు దాటి, వీధిలో సైకిలు షాపు దాకా నడిచాను. ఆపైన ఎక్కడికి నడవాలో తెలీక, పంక్చరు వేయించుకోడానికి వచ్చినవాడిలా అక్కడే నిలబడ్డాను, సైకిలు లేకుండా. అప్పుడు వెనకనుంచి, లారీ హారను కంటే గట్టిగా వినిపించింది: "రా."

ఇప్పుడు ఆ ఆఫీసూ లేదు, షావుకారూ లేడు. గది మారినా అందులో మనిషిని మాత్రం ఇంకా నేనొక్కణ్ణే. బయల్దేరేటప్పుడు తాళంతోనే "వస్తాను" అని చెప్పి, సందు మలుపు దాకా నెమ్మదిగా నడుస్తాను. 'రా' అనే ఆ రెండో మాటకి షావుకారు ఎప్పుడూ కాస్త టైము తీసుకునేవాడు.