థెరిసా అత్త కొబ్బరిచెట్ల లెక్క

థెరిసా అత్త లోకంలో ఏ ఎత్తునైనా కొబ్బరిచెట్లతోనే కొలిచేది. మీటర్లు తెలియక కాదు. బళ్లో ఆటల టీచరుగా పనిచేసిన మనిషి, పిల్లల్ని మీటర్ల లెక్కనే పరిగెత్తించింది. కానీ తల పైకెత్తాల్సి వస్తే చాలు, చెట్లు వచ్చేసేవి. క్లాంగ్ చర్చి గోపురం చెట్టున్నర. మేనకోడలు ఎవెలిన్‌ని చూసుకోడానికి వచ్చిన పెళ్లికొడుకు "మొక్కకి ఎక్కువ, చెట్టుకి తక్కువ." ఆ ముక్క అతనికి వినబడేలాగే అంది. అయినా అతను ఎవెలిన్‌నే చేసుకున్నాడు.

మలేషియాలోని బాగన్ దాతుక్‌లో పుట్టినావిడ మరి దేనితో కొలుస్తుంది? ఆ ఊరు అట్లపెనంలా చదును. కొబ్బరిచెట్టు కంటే ఎత్తైనది అక్కడ మబ్బు ఒక్కటే. అలాంటి ఊరి మనిషికి రిటైరయ్యాక హిమాలయాల పిచ్చి పట్టింది. ఏటా తను ఉండే క్లాంగ్ చుట్టుపక్కల తెలుగువాళ్లను పోగేసి లడఖ్ తీసుకుపోయేది. అక్కడ తాషి అనే గైడు గుడారాలూ, వంటవాడూ, సామాను మోసే కంచరగాడిదలతో సిద్ధంగా ఉండేవాడు.

ముందు శిక్షణ కౌలా సెలంగోర్ గుట్ట మీద. వీపుసంచీలో బియ్యం మూట పెట్టించి ఎక్కించేది. పైనున్న కోతులు కూడా జాలిపడి దారిచ్చేవి.

"ఇది ఎన్ని చెట్లు అత్తా?" అని ఎవెలిన్ రొప్పుతూ అడిగింది.

"ఇది సెట్టేటి? మొలక! నడు నడు."

అసలు వినోదం లడఖ్‌లో. హైదరాబాదు నుంచి కౌలాలంపూర్‌కి ఉద్యోగానికొచ్చిన ప్రణీత్, ఎత్తు చూపించే వాచీ ఒకటి కట్టుకొచ్చాడు.

"ఆంటీ, ఇంకా ఎంత ఎక్కాలి?"

"మూడు సెట్లు. అంతే లా" అంది అత్త, మలేషియా అలవాటుగా చివర 'లా' తగిలించి.

రెండు గంటలు ఎక్కాక మళ్లీ అడిగాడు.

"మూడు సెట్లు."

"ఇందాకా మూడే అన్నారు! నా వాచీ చూడండి, ఎంత ఎక్కామో!"

"నీ వాచీకి ఆకలేసినట్టున్నాది బాబూ. దానికి రెండు బిస్కెట్లు పెట్టు."

సాయంత్రం గుడారం చేరాక ప్రణీత్ వాచీ విప్పి సంచీలో పడేశాడు. మర్నాడు, "ఆంటీ, ఇవాళ ఎన్ని చెట్లు?" అని తనే అడిగాడు.

తాషి జన్మలో కొబ్బరిచెట్టు చూడలేదు. అతని ఊళ్లో బార్లీ చేలు, రాళ్లు, ఆ పైన ఇంకా రాళ్లు. అయినా ఆ కొలత అతనికీ అంటుకుంది. పొద్దున్నే టీ పట్టుకొచ్చి ఇంగ్లీషులో మెల్లగా అడిగేవాడు: "మేడమ్, వీళ్లకి ఈరోజు ఎన్ని చెట్లని చెప్పమంటారు?"

అత్త దాటాలని ఆశపడి, ఏటేటా మంచు వల్ల దాటలేకపోయిన కనుమ ఒకటుండేది. ఆ ఏడు దారి తెరుచుకుంది. ఎవెలిన్ కూడా బయల్దేరింది. ఆమె పంతం వేరు.

"అక్కా, నువ్వు ఎస్కలేటర్ ఆగిపోతే ఇంటికి తిరిగొచ్చేసే మనిషివి. నీకు హిమాలయాలేటి?" అన్నాడు తమ్ముడు మార్విన్, చర్చిలో అందరూ వింటుండగా.

"దాటి రాకపోతే నా పేరు మార్చీ!" అంది ఎవెలిన్, అదీ అందరూ వింటుండగానే.

కనుమ దాటే రోజు తెల్లారేసరికి ఆమె తల పగిలిపోతోంది. గుడారం వెనక్కి పోయి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, తాషితో "బాగున్నాను" అంది. మిగతావాళ్లు తాషి తమ్ముడితో ముందు పోయారు. వెనక ఎవెలిన్, అత్త, తాషి. చుట్టూ పొగమంచు. ఎవెలిన్ కుడిచేతి గ్లవుజు ఎడమచేతికి తొడుక్కుని, మిగిలిన రెండోది చూపించి, "ఇది ఎవరిదో పారేసుకున్నారు పాపం" అంది.

అత్త ఆగిపోయింది.

"ఒలే ఎవెలిన్, తల నొప్పిగా ఉన్నాదా?"

"లేదు. ఇంకెన్ని చెట్లు?"

మూడంటుందని ఎదురుచూసింది. అత్త మంచులోకి ఒకసారి చూసి, అక్కడే రాయి మీద కూలబడింది.

"నూరు సెట్లు. నా మోకాలు పోయినాది తల్లీ. నాను ఎక్కలేను. నన్ను కిందకి దింపు."

తాషి ఏదో అనబోయాడు. అత్త అతని పక్కకి తిరిగి ఏదో గొణిగింది. ఎవెలిన్‌కి ఏడుపొచ్చింది. కానీ అత్తని వదిలి ఎలా పోతుంది? భుజం ఆసరా ఇచ్చి దింపింది. కిందకి దిగేకొద్దీ ఆమె తలనొప్పి తగ్గిపోయింది. అత్త మోకాలు మాత్రం పేరుకెక్కింది.

"అత్తా, పసర్ బజారుదాకా నడవగలవా, కంచరగాడిదని పిలిపించమంటావా?" అని మార్విన్ కనబడినప్పుడల్లా ఏడిపించేవాడు.

"ముసలిదాన్నిరా, నవ్వు నవ్వు" అని అత్త తనే ముందు నవ్వేది. మళ్లీ ఆ కనుమకి పోవడం పడలేదు. కిందటేడు, నిద్రలోనే వెళ్లిపోయింది.

ఈమధ్య ఒక పర్యాటక ప్రదర్శన పని మీద తాషి కౌలాలంపూర్ వచ్చాడు. అత్త ఊరు చూస్తానంటే అక్కాతమ్ముళ్లు బాగన్ దాతుక్ తీసుకుపోయారు. కారు అత్త పుట్టింటి ముందు ఆపి, సమాధి దగ్గర పూలు పెట్టి, తోటలోకి నడిచారు. తాషి ఒక చెట్టు కింద నిలబడి తల ఎత్తాడు. టోపీ వెనక్కి పడిపోయింది.

"ఇదా చెట్టు?"

"ఇదే" అంది ఎవెలిన్.

"మూడు చెట్లంటే ఇలాంటివి మూడేనా?" అని పగలబడి నవ్వాడు. "దేవుడా, ఎంత అబద్ధం! ఇన్నాళ్లూ నాతో కూడా చెప్పించారు!"

నవ్వి నవ్వి ఆగాడు. "ఎవెలిన్, మీరు వెనక్కి తిరిగిన చోటు నుంచి కనుమ ఎంత ఎత్తో తెలుసా?"

"నూరు చెట్లు."

అతను మాను మీద చెయ్యి వేశాడు. "ఇది ఒక్కటి."

"ఒక్కటా!" అంది ఎవెలిన్.

"'దగ్గరని తెలిస్తే ఎవెలిన్ పాకుతూనైనా పోతుంది, అవతలివైపు ఈ ఎత్తుజబ్బు ముదిరితే దించలేం, నువ్వు నోరు విప్పకు' అన్నారు మేడమ్."

"మరి మోకాలు?"

"మోకాలికేం? ఏ కాలితో కుంటడం మొదలుపెట్టారో సగం దారిలో మరిచిపోయి, రెండోదానితో కుంటుతూ వచ్చారు!"

మార్విన్ కొబ్బరిమట్టల వైపు చూశాడు. "ఒక్క మాటైనా సెప్పలేదు అత్త."

"సెప్తే నువ్వు నన్ను సూసి నవ్వేవాడివి కదేటి" అంది ఎవెలిన్. కళ్లు తుడుచుకోబోయి, రెండు కాళ్లతోనూ కుంటిన అత్త గుర్తొచ్చి ఫక్కున నవ్వేసింది.

ఎండ మండిపోతోంది. మార్విన్ కింద పడ్డ టోపీ తీసి తాషికిచ్చాడు. "పద తాషీ, భోజనానికి. ఇల్లు దగ్గరే. రెండు చెట్లు, అంతే లా."

కొండలన్నీ ఎక్కిన గైడు చెట్టు మొదట్లో బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు.

"మీ ఇంట్లోవాళ్ల రెండు చెట్లంటే ఎంతో నాకు తెలుసు. కారు తెండి."