పేజీ అడుగున నేను కూర్చిన మాట

కుప్పంలో అయ్యవారు పోయారని మొన్న సోమవారం కార్డు వచ్చింది. ఇంకే అడ్రసూ తెలియక ఆయన కొడుకు మా ప్రెస్సుకే రాశాడు. అది మా ఓనరు చేతికి ఇవ్వడానికి మధ్యాహ్నం దాకా నాకు ధైర్యం చాలలేదు.

పోయినవాళ్ళ మంచి రాయాలంటారు. ఆయన మంచి రాయాలంటే ముందు నా చెడ్డ రాయాలి.

నేను మదనపల్లెలో ఒక చిన్న ప్రెస్సులో కంపోజిటర్ని. ఐదో తరగతితో బడి మానేశాను. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చేటప్పుడు అబ్బిందే నా చదువు. నోటిదురుసు మాత్రం పుట్టుకతో వచ్చింది. పెండ్లిపత్రిక అచ్చుకని వచ్చినవాణ్ణి, "పిల్ల నిన్ను సూసిందా, సూడకుండానే ఒప్పుకునిందా?" అని ఏడిపించి పంపేవాణ్ణి. ఇప్పుడు మనవళ్ళతోనూ అదే పని.

అయ్యవారు అప్పట్లో పుంగనూరు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. డెబ్బైల్లో ఒక పుస్తకం రాశారు. రెండు వందల ఏళ్ళ కిందట లండన్‌లో పుస్తకాలు రాసేవాళ్ళూ, అచ్చేసి అమ్మే దుకాణదారులూ ఎట్లా కొట్లాడుకున్నారో అందులో ఉంది. అడగకుండా అచ్చేసుకున్నవాళ్ళు, దానికి పద్యాలు కట్టి తిట్టినవాళ్ళు, ముందుమాటలోనే పరువు తీసినవాళ్ళు. ఓనరు ఆయనకు ప్రాణస్నేహితుడు కాబట్టి మా దగ్గరే అచ్చుకిచ్చారు. ప్రతి శనివారం ప్రూఫులను మడిచిన గొడుగులో దోపుకుని బస్సు దిగేవారు. టీ తెప్పిస్తే సగం సాసర్లో పోసి ఓనరు వైపు జరిపేవారు.

"తెల్లోళ్ళ తగువు మనకు యాల సార్?" అనేవాణ్ణి.

"తగువు యాడైనా ఒకటే అప్పా. అచ్చయినాక అబద్ధానికీ కాళ్ళొస్తాయి. జాగ్రత్తగా కూర్చు."

ఆ మాట నేనే నిజం చేశాను. దుకాణదారుల పిసినారితనం గురించి రాసిన పేజీ అడుగున ఒక చుక్క గుర్తు పెట్టి, సొంతంగా ఒక వాక్యం కూర్చాను: 'మా ప్రెస్సు ఓనరు ఆ రోజుల్లో పుట్టివుంటే వీళ్ళందరికీ గురువయ్యేవాడు.' ప్రూఫు తీసి ఇద్దరికీ చూపించి, నవ్వించి తీసేద్దామనుకున్నాను. అంతలో కురబలకోటలో అక్కకు బాగాలేదని కబురొస్తే పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి మిషన్ అతను, సరిచూసిన పేజీలే అనుకుని, మొత్తం అచ్చు కొట్టేశాడు.

శనివారం ఓనరు ఆ కాగితం అయ్యవారి ముందు పెట్టాడు. "ఇది మీ మాటేనా అయ్యవారూ?"

ఆయన చదివి నా వైపు చూశారు. నేను అక్షరాల పెట్టెలోంచి తల ఎత్తలేదు.

"నాదే. తప్పయింది," అన్నారు.

ఓనరు ఆ పుస్తకం కుట్టించనన్నాడు. అచ్చయిన కాగితాలు మండీలో టమాటా బుట్టల అడుగున పరుచుకోవడానికి పోయాయి. అయ్యవారు మళ్ళీ మా మెట్లెక్కలేదు. ఆయన రాసింది ఆ ఒక్క పుస్తకమే.

ఆయన కుప్పానికి బదిలీ అయ్యాక ఒకసారి వెళ్ళాను. కాళ్ళ మీద పడబోతే పట్టుకుని ఆపారు.

"నీ పేరు చెప్పింటే మీ ఓనరు నిన్ను పనిలో ఉంచుకుండునా? పిల్లలుండారు నీకు. సరేగానీ, నాకు చెప్పి ఏం లాభమప్పా? ఆయనకు చెప్పు."

"చెప్తా సార్," అన్నాను. ఏళ్ళు గడిచినా చెప్పలేదు. ఊరంతటినీ ఏడిపించే నోరు దీనికి మాత్రం పెగల్లేదు. ఇన్నాళ్ళూ నేను తిన్న అన్నం అయ్యవారు పెట్టిందే.

మొన్న ఓనరు కార్డు రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టాడు. తర్వాత, "ఆ ఒక్క మాట రాయకుండా ఉండింటే, పోయి సూసొచ్చుందును గదప్పా," అన్నాడు.

"అది ఆయన రాయలేదన్నా. నేను కూర్చినాను."

తిట్టలేదు. తిట్టివుంటే బాగుండేది. లోపలికి పోయి పురికొసతో కట్టిన కాగితాల కట్ట ఒకటి తెచ్చాడు. ఒక్క కాపీ మండీకి పోకుండా దాచాడని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. నేల మీద కూర్చుని, గోటితో నొక్కుతూ ఒక్కొక్క కాగితమే మడిచాడు. ఆ పేజీ దగ్గర కూడా ఆగలేదు.

"సూది యాడుండాదప్పా?" అన్నాడు.

తెచ్చిచ్చాను. చూపు ఆనక దారం ఎక్కడం లేదు. నేను ఎక్కిస్తానని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. దారం కొస తడుపుకుంటూ, సూదిని వాకిలి వెలుతురుకేసి ఎత్తి పట్టుకునే ఉన్నాడు.